గుర్తు మార్చాలా?

భూమికి దక్షిణాన ఉన్న మాకు చలికాలం జూన్‌లో వస్తుంది గానీ, ఆ ఏడు పోర్ట్ చామర్స్‌లో చలి ముందే దిగింది. మే రెండో వారానికే నేను నడిపే స్కూలు బస్సు అద్దాల మీద పేరుకున్న మంచు గీకడానికి నాకు పావుగంట పట్టేది. గీకి, చేతులు రుద్దుకుంటూ ఇంట్లోకి వచ్చేసరికి మా ఆయన లాక్లన్ వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరుచుకుని ఎవరికో ఒకరికి జవాబు రాస్తూ ఉండేవాడు.

మోహువా అని లెక్కలు చేసే కంప్యూటర్ ప్రోగ్రాము ఒకటుంది. ఎవరైనా ఊరికే దింపుకుని వాడుకోవచ్చు. లోపల ఎలా కట్టారో విప్పి చూసుకోవచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఇరవై రెండేళ్ల కిందట లాక్లన్, సముద్రానికి అవతల వొలాంగాంగ్‌లో ఉండే ఇష్ట్వాన్ అనే హంగరీ మనిషి కలిసి దాన్ని మొదలుపెట్టారు. దానికో హెల్ప్ లిస్టు ఉంది. వాడుతూ ఎక్కడైనా చిక్కుకుపోయినవాళ్లు ఆ లిస్టుకి మెయిల్ రాస్తే తెలిసినవాళ్లు జవాబిస్తారు. తెలిసినవాళ్లంటే ముప్పాతిక వంతు లాక్లనే. హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి మానేశాక ఇక అదే అతని బడి. అడిగినవాడు ఎంత తెలివితక్కువగా అడిగినా విసుక్కునేవాడు కాదు. "అడగడానికి సిగ్గుపడి ఎంత కాలం ఊరుకున్నాడో, పాపం" అనేవాడు.

ఆ వారంలో బ్రెజిల్ మనిషొకడు ఏదో అడిగితే, లాక్లన్ ఏడింటికి ఒక జవాబు, ఎనిమిదింటికి మరో జవాబు పంపాడు. రెండూ సరైనవే. కానీ రెండోది రాసేటప్పుడు మొదటిది రాసిన సంగతి అతనికి లేదు. ఇష్ట్వాన్ లిస్టులోనే వేళాకోళం చేశాడు, "మా లాక్లన్‌కి ముసలితనంలో కవలలు పుట్టారు" అని. అందరూ నవ్వారు. లాక్లన్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

మర్నాడు లోసలీని ప్రశ్న వచ్చింది.

లోసలీనిని మేమెప్పుడూ చూడలేదు. ఫిజీలో సావుసావు దగ్గర బళ్లో టీచరు. ఆమె సొంతూరు అక్కడికి పడవలో రెండు గంటలు. సముద్రం ఏటేటా ఇళ్లలోకి వస్తోందని ఊరంతా కొండమీదికి మారాలనుకున్నారు. ఎంత ఎత్తున కడితే వందేళ్లకోసారి వచ్చే ఉప్పెన కూడా అందదు? ఊళ్లో అంత చదివింది ఆమె ఒక్కతే కాబట్టి ఆ లెక్క ఆమె మీద పడింది. నలభై ఏళ్లలో ఏ ఏడు నీళ్లు ఎంతదాకా వచ్చాయో కొంత రికార్డుల్లోంచి, కొంత చర్చి గోడ మీద పెద్దలు గీసిన గీతల్లోంచి పోగుచేసింది. మూడేళ్లుగా మోహువాతో కుస్తీ పడుతోంది. ఓనమాల నుంచి ఆమెకి నేర్పింది లాక్లనే. ఆ రోజు ఆమె అడిగింది చిన్న సంగతి: "సార్, మోహువా ఇచ్చిన అంకెని మా పుస్తకంలో సూత్రంలో పెట్టేటప్పుడు ప్లస్సూ మైనస్సూ గుర్తు మార్చాలా?"

"అక్కర్లేదు. ఉన్నదున్నట్టు పెట్టేయండి" అని లాక్లన్ రాశాడు.

నాకు లెక్కలు రావు. నేను బస్సు నడుపుకునేదాన్ని. కానీ ఆ జవాబు గురించి తర్వాత ఎంత విన్నానంటే, ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను. మార్చాలి. పుస్తకాలు ప్లస్ అని రాసేదాన్ని మోహువా మైనస్ అని రాస్తుంది. మార్చకపోతే ఉప్పెన ఉన్నదానికన్నా రెండు మీటర్లు తక్కువగా కనిపిస్తుంది.

ఇష్ట్వాన్ నాలుగు రోజుల తర్వాత చూసి లిస్టులో రాశాడు. "గుర్తు మార్చాలి. లాక్లన్, నీ మాన్యువల్ నువ్వే చదువుకోలేదా?" దానికి లాక్లన్ ఇచ్చిన జవాబులో నేనెప్పుడూ అతని నోట వినని మాటలున్నాయి. ఇష్ట్వాన్‌కి సగం చదువని, ఎప్పుడూ తొందరేనని, ఇరవై రెండేళ్లుగా అతని తప్పులు తాను కడుగుతున్నానని.

శనివారం పొద్దున ఇష్ట్వాన్ ఫోన్ చేశాడు.

"ఐల్సా, ముసలోడు పక్కనున్నాడా?"

"లేడు. కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్లాడు."

"అయితే విను. వాడితో ఇరవై రెండేళ్లు పోట్లాడాను. వాడు రెండేరెండుసార్లు ఓడిపోయాడు. ఆ రెండుసార్లూ ఒప్పుకుని, మర్నాటికల్లా మాన్యువల్ సరిచేసి, నాకు విస్కీ సీసా కూడా పంపించాడు. ఈసారి తిడుతున్నాడు. వాడికి తిట్టడం రాదమ్మా. చూడు, ఎంత చేతకాకుండా తిట్టాడో."

"నిద్ర సరిగ్గా పట్టట్లేదులే."

"నిద్రేనా?"

"నిద్రే" అన్నాను. కిటికీలోంచి లాక్లన్ కనిపిస్తున్నాడు. గొడ్డలి చేత్తో పట్టుకుని, ముందున్న దుంగని అది తనకెవరో అప్పజెప్పినట్టు చూస్తూ నిలబడ్డాడు.

"సరే, నిద్రయితే మంచిదే" అన్నాడు ఇష్ట్వాన్. నేను చెప్పింది నమ్మలేదని ఆ గొంతులోనే తెలిసింది.

ఆ మధ్యాహ్నం నేను చీజ్ రోల్స్ పొయ్యిలో పెట్టి, మాటల్లో మాటగా అన్నాను, "ఇష్ట్వాన్ మాన్యువల్ అంటున్నాడుగా, అందులో ఏముందో ఓసారి చూడొచ్చుగా?"

లాక్లన్‌కి మాన్యువల్ చూడమంటే కోపం రాదు. అలమరలోంచి అచ్చు పుస్తకం తీశాడు. పేజీ వెతికాడు. పెన్సిల్ పట్టుకుని, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లోలా, ఒక్కో వాక్యం కింద గీత గీస్తూ చదివాడు. చదువుతుంటే అతని ముఖం తేటపడింది.

"ఇదెవరు రాశారు?" అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నాను.

"చాలా శుభ్రంగా రాశాడు. చూడు, ఒక్క మాట ఎక్కువ లేదు. చదివేవాడు ఎక్కడ తడబడతాడో ముందే కనిపెట్టి అక్కడ చెయ్యి పట్టుకున్నాడు. ఇష్ట్వాన్ అయ్యుండడు, వాడికింత ఓపిక లేదు." పెన్సిల్ కొనతో పేజీ మీద ఒకచోట తట్టాడు. "పాపం, ఈ గుర్తు దగ్గర మాత్రం పొరబడ్డాడు."

ఆ అధ్యాయం మొదట్లో అతని పేరు ఉంది. నేను దాని మీద వేలు పెట్టి చూపించలేదు.

"ఐల్సా, ఏదో మాడుతోంది" అన్నాడు లాక్లన్.

*

డనీడిన్‌లో జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి జూన్‌లో వెళ్లాం. ఆవిడ వందలోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమంది. లాక్లన్ గడగడా చెప్పుకుపోయి, "చివర రెండు మిగులుతుంది డాక్టర్, దాన్నేం చేయమంటారు?" అన్నాడు. ఆవిడ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆవిడ, "ఇందాక మీకొక అడ్రసు చెప్పాను, గుర్తుందా?" అంది.

"ఏ అడ్రసు?" అన్నాడు లాక్లన్.

ఇంటి నంబరు, వీధి పేరు, మొదటి అక్షరం, ఇలా ఆవిడ ఎన్ని రకాలుగా అందించినా అతనికి ఏదీ తగల్లేదు. ఇంకా చాలా పరీక్షలు చేశారు. తల లోపలి ఫొటోలు తీశారు. రెండోసారి వెళ్లినప్పుడు జబ్బు పేరు చెప్పారు.

తిరిగొస్తూ కేరీస్ బే దగ్గర కారాపమన్నాడు. ఓడరేవులో ఓడలోకి దుంగలు ఎక్కిస్తున్నారు. చాలాసేపు అదే చూశాడు.

"లిస్టులో ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

"ఇష్ట్వాన్‌కైనా..."

"ఎవరికీ. నీకు నేను కాళ్లూ చేతులూ, గురకా, దగ్గూ అన్నీ కలిపి తెలుసు. వాళ్లకి నేను తల ఒక్కటే ఐల్సా. అదీ పోయిందని చెబితే వాళ్ల దగ్గర నాకింకేం మిగులుతుంది?"

"సరే."

"ఒట్టేనా?"

"ఒట్టు" అన్నాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అతను నన్ను ఒట్టు వేయమనడం అదే మొదటిసారి.

ఇష్ట్వాన్‌కి నేను చెప్పలేదు, అతనూ అడగలేదు. లాక్లన్ ఏ జవాబు రాసినా వెనకాలే ఇంకో జవాబు రావడం మాత్రం గమనించాను. "లాక్లన్ చెప్పినదానికి చిన్న చేర్పు" అని మొదలయ్యేది. మొదట్లో వారానికొకటి. జులైకొచ్చేసరికి రోజూ.

*

జులై మధ్యలో ఒక పొద్దున లాక్లన్ ఉత్సాహంగా పిలిచాడు. "ఐల్సా, ఇటు రా. లోసలీని రాసింది, విను."

ఆ మెయిల్ లిస్టుకి కాదు, అతనికే. చదివి వినిపించాడు. "సార్, మన లెక్క కమిటీకి ఇచ్చేశాను. ఇష్ట్వాన్ గారు వేరేలా చెప్పారు గానీ, మూడేళ్లలో మీరు నాకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అందుకని మీ మాట మీదే ఉన్నాను. కొండ మీద ఇళ్లకి హద్దు మేకులు పాతారు. చర్చి ఫాదరు ప్రార్థన చేశారు. మొన్న సోమవారం పునాదులు మొదలయ్యాయి. మొదటిల్లు మా పెద్దమ్మది. ఊరందరి తరపునా మీకు మా వినాకా." వినాకా అంటే వాళ్ల భాషలో థాంక్స్.

"చూశావా, ఎంత నమ్మకమో!" అన్నాడు లాక్లన్. చాలా రోజుల తర్వాత అతని కళ్లలో వెలుగు చూశాను.

నేను బస్సు తీయాల్సిన వేళ దాటిపోతోంది. అయినా కూర్చున్నాను. "లాక్లన్, ఆ గుర్తు సంగతి ఇష్ట్వాన్ చెప్పిందే నిజమేమో. ఆమెకోసారి రాయి."

"ఏ గుర్తు?"

చెప్పాను. చెబితే వెలుగు పోయింది. "నువ్వు కూడానా? నీకు లెక్కలేం తెలుసని?"

సాయంత్రం మళ్లీ చెప్పాను. బల్ల మీద చేత్తో కొట్టాడు. మర్నాడు మాన్యువల్ ముందు పెట్టి, అతని పేరు చూపించి చెప్పాను. చేయకూడదనుకున్న ఆ పని కూడా చేశాను. అతను తన పేరు వంక చూసి, నా వంక చూసి, "నా పేరెవడో వాడుకున్నాడు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఇక అతన్ని అడగకూడదని అప్పుడే అనుకున్నాను.

లోసలీనికి నా పేరుతోనే మెయిల్ రాశాను. మా ఆయన పొరబడ్డాడు, గుర్తు మార్చాలి, దయచేసి పునాదులు ఆపండి అని. గంటలో జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా రాసింది. "మేడమ్, మీ శ్రద్ధకి సంతోషం. కానీ సార్ స్వయంగా చెప్పలేదు కదా. సార్ చెబితే తప్పకుండా మారుస్తాను."

నేను రాసినదాంట్లో ఆమె నమ్మడానికి ఏముంది? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఒకటంటుంటే, బస్సు నడిపే భార్య ఇంకొకటంటోంది. ఆయన మాట ఎందుకు నమ్మకూడదో చెబితే తప్ప నా మాట నమ్మదు.

రెండు రోజులు పిల్లల్ని ఎక్కించుకుంటూ దింపుతూ అదే ఆలోచించాను. ఒట్టు వేసింది నా మొగుడికి. ఆ ఇళ్లలో ఉండబోయేవాళ్లు నాకేమీ కారు. ఇలా అనుకున్నప్పుడల్లా, బస్సెక్కే పిల్లలు "మార్నింగ్ మిసెస్ పెట్రీ" అంటూ ఒక్కొక్కరే నన్ను దాటుకుని వెనక్కి వెళ్లేవారు. వాళ్లలో ఒక్కరూ, ఈ బస్సు బ్రేకులు సరిగ్గా ఉన్నాయా అని ఎప్పుడూ అడగలేదు.

మంగళవారం పిల్లల్ని బళ్లో దింపాక, బస్సు అక్కడే ఆపి ఫోన్ చేశాను.

"లోసలీనియేనా? నేను ఐల్సాని. లాక్లన్ భార్యని."

"మేడమ్! సార్ బాగున్నారా?"

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు సతమతమయ్యాను. ఆమే మొదలుపెట్టింది.

"బాగాలేడమ్మా" అన్నాను.

జబ్బు పేరు చెప్పాను. కవలల్లాంటి ఆ రెండు మెయిళ్ల సంగతి చెప్పాను. మాన్యువల్ చూసి ఇదెవరు రాశారన్నాడని చెప్పాను. అవతల ఆమె వెనక క్లాసులో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"ఎప్పట్నుంచి మేడమ్?"

"మాకు తెలిసి మే నుంచి. తెలియకుండా ఎప్పట్నుంచో."

"నేనడిగింది మేలోనే."

"అవునమ్మా."

"రెండిళ్లకి సిమెంటు పోసేశారు" అంది. "పెద్దమ్మ నిన్న దానిమీద చాప పరుచుకుని అందరికీ టీలిచ్చింది." మళ్లీ తనే, "ఊళ్లో ఎవరూ ఈ లెక్క చూసుకోలేరు మేడమ్. నేను ఎంతంటే అంత. అందుకే సార్‌ని అడిగాను" అంది.

"తెలుసమ్మా."

"మీరు ఫోన్ చేస్తున్నట్టు సార్‌కి తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను."

"మరి నాకు చెప్పారుగా" అంది. నిష్ఠూరంగా కాదు, నామీద జాలితో. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆమె ఏడవలేదు. "మేకులు ఇవాళే పీకిస్తాను" అని పెట్టేసింది.

*

లోసలీని చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే అంటాను. లాక్లన్ ఇచ్చిన ఆ జవాబు లిస్టులో అలాగే పడి ఉంది. రేపు ఇంకెవరో వెతుక్కుంటూ వచ్చి దాన్నే నమ్ముకుంటే? అందుకని శుక్రవారం ఆమె లిస్టుకి నాలుగు వాక్యాలు రాసింది. గుర్తు మార్చాలి. లాక్లన్ సార్ ఇచ్చిన జవాబు ఆరోగ్యం బాగాలేనప్పుడు ఇచ్చింది. ఆ తప్పు ఆయనది కాదు. నాకు లెక్కలు నేర్పిన మనిషి ఆయనే. జబ్బు పేరు రాయలేదు. నా మాట దాటలేదనే అనుకుంది.

కానీ ఆ లిస్టులో ఉన్నవాళ్లు లెక్కల మనుషులు. కవలల్లాంటి మెయిళ్లు, తిట్లు, రోజూ వచ్చే చిన్న చేర్పులు అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ నాలుగు వాక్యాలతో కూడిక పూర్తయింది.

శని, ఆదివారాలు దాటి సోమవారం పొద్దుటికి డెబ్భై ఒక్క మెయిళ్లొచ్చాయి. ట్యునీషియా నుంచి, చిలీ నుంచి, ఎక్కడో రష్యా ఉత్తరాన గనుల్లో పనిచేసే ఇంజనీరు నుంచి. పదిహేనేళ్ల కిందట మీరు నాకొక ప్రశ్నకి జవాబిచ్చారు, దాంతో డిగ్రీ అయింది అని ఒకడు. మీరు నన్ను తెలివితక్కువదాన్నని అనుకోనివ్వలేదు అని ఒకామె. నేను బస్సు తిప్పి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చేసరికి లాక్లన్ ఇంకా చదువుతూనే ఉన్నాడు. పొయ్యిలో కట్టెలు ఆరిపోయాయి. ఇల్లు మంచులా ఉంది.

"నేను పోయాననుకున్నట్టున్నారు" అన్నాడు. "అందరూ ఎంత మంచిగా రాశారో."

నేను కోటు విప్పకుండా నిలబడ్డాను.

"చెప్పింది నువ్వేగా?"

"నేనే."

తల ఊపాడు.

"అవి ఇళ్లు, లాక్లన్. అందులో మనుషులుంటారు."

"ముందు నాకు చెప్పాల్సింది. నేనే రాసేవాణ్ని. నా తప్పు నేనే దిద్దుకునేవాణ్ని."

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను నా ముఖంలో వెతికాడు, అబద్ధమేమోనని ఆశపడి. తర్వాత మెల్లగా, "చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను."

"అయితే ఇంకోసారి చెప్పాల్సింది" అన్నాడు.

ల్యాప్‌టాప్ మూసేశాడు. దాన్ని తీసుకెళ్లి గదిలో అలమర అడుగు అరలో, పాత దుప్పట్ల కింద పెట్టాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశాడు. అవసరానికి ఆ, ఊ. వడ్డిస్తే తినేవాడు, మందులిస్తే వేసుకునేవాడు. ఇష్ట్వాన్ ఫోన్ చేస్తే తీసుకునేవాడు కాదు. "ముసలోణ్ని పిలు, కనీసం నన్ను తిట్టమను" అని ఇష్ట్వాన్ నాతో అనేవాడు. ఫోన్ తీసుకెళ్లి లాక్లన్ చెవి దగ్గర పెట్టేదాన్ని. అటు నుంచి ఇష్ట్వాన్ ఏదేదో వాగేవాడు. ఇతను కిటికీలోంచి ఓడలు చూసేవాడు.

ఆగస్టులో లోసలీని మళ్లీ ఫోన్ చేసింది. ఇష్ట్వాన్ సాయంతో లెక్క మొదటినుంచీ మళ్లీ చేసిందట. రెండిళ్ల పునాదులూ బద్దలుకొట్టి, మేకులు పైకి మార్చారట. "పెద్దమ్మ తనే గునపం పట్టుకుంది మేడమ్. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"నిన్నేమైనా అన్నారా?"

"అనకుండా ఉంటారా? మా మామయ్య, చదువుకున్న నోటికన్నా చర్చి గోడే నయం అన్నాడు. నేను కావా మొక్క వేర్ల కట్ట పట్టుకుని పెద్దల ముందుకెళ్లి కూర్చున్నాను. మా దగ్గర క్షమాపణ అడగాలంటే అలా. తలొంచుకుని కట్ట ముందుకి జరపాలి. ఇక వాళ్లిష్టం, తీసుకోవచ్చు, మానొచ్చు. తప్పెవరిదమ్మా అని అడిగారు. నాదే అన్నాను."

"లాక్లన్ పేరు చెప్పాల్సింది."

"ఎందుకు మేడమ్? రెండు జవాబులొచ్చినప్పుడు నాకిష్టమైన మనిషిది తీసుకున్నాను. లెక్క చూసుకోలేదు. అది నాదేగా." ఆ రోజు సంగతి కూడా చెప్పింది, "చాలాసేపు ఎవరూ కదల్లేదు. నా మెడ నొప్పెట్టింది. అప్పుడు పెద్దమ్మ తన తమ్ముణ్ని మోచేత్తో పొడిచింది. ఆయన కట్ట అందుకున్నాడు. అందుకున్నాక ఇక అయిపోయినట్టే. మర్నాటి నుంచి ఆ మాట ఎవరూ ఎత్తరు."

"అదృష్టవంతురాలివమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేసి పక్క గదిలోకి వెళ్లాను. లాక్లన్ కుర్చీలో వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు. అతని ముందు పెట్టడానికి నా దగ్గర ఏ కట్టా లేదు. వెళ్లి దగ్గర నిలబడ్డాను. "లోసలీని ఊళ్లో అంతా సర్దుకుంది" అన్నాను. అతను తల తిప్పలేదు. అప్పటికి నాతో మాట్లాడక ఇరవై ఎనిమిది రోజులు.

కోపం తగ్గుతుందని ఎదురుచూశాను. ముప్పై నాలుగేళ్లలో అతని కోపం రెండో రోజు దాటింది లేదు. ఈసారి పెద్దదైంది కాబట్టి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే అనుకున్నాను. ఒక్కోసారి మాత్రం, తగ్గేలోపు ఇంకేమవుతుందోనని భయమేసేది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున బస్సు చూసుకుని లోపలికొచ్చేసరికి బల్ల మీద టీ సిద్ధంగా ఉంది. రొట్టె కాల్చి వెన్న రాశాడు. "రా, రా, కూర్చో. ఇంకా టైముందిగా" అన్నాడు.

కూర్చున్నాను. బస్సులో అల్లరి చేసే మాథిసన్ అన్నదమ్ముల గురించి అడిగాడు. వాళ్లు సీటు కింద పీతని వదిలిన సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. పెరట్లో డాఫొడిల్ పూలు వచ్చాయన్నాడు. నా చేతి మీద చెయ్యి వేసి, "అలిసిపోయినట్టున్నావే" అన్నాడు. యాభై రోజుల తర్వాత విన్న గొంతు. ఆ గొంతు కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని.

ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది. "లాక్లన్, ఆ లిస్టు విషయంలో నన్ను క్షమించు" అన్నాను.

"ఏ లిస్టు?"

అతని ముఖంలో దాపరికం లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే సాయం చేయాలని ముందుకి వంగే పాత లాక్లన్ ముఖమే అది. ఏం పోయిందో వెతికిపెడదామని చూస్తున్నాడు.

"సామాన్ల లిస్టా?" అన్నాడు. "అందులో ఏదైనా మర్చిపోయావా?"

చెప్పడానికి నోరు తెరిచాను. మొదట్నుంచి చెప్పాలి. మోహువా నుంచి, లోసలీని నుంచి, డాక్టరు నుంచి. చెబితే మళ్లీ కొత్తగా వింటాడు.

"అవును," అన్నాను. "పాలు రాయలేదు."

"ఓసి పిచ్చిదానా, దానికి క్షమాపణా?" అన్నాడు లాక్లన్. లేచి వెళ్లి, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం తీసుకొచ్చి, పెన్సిల్ కోసం జేబులు తడుముకుని, గుండ్రటి అక్షరాలతో అడుగున పాలు అని రాశాడు.